జర్మనీ రైన్ లోయ కోటలు: అమ్మానాన్నలతో రెండు రోజులు, కారు లేకుండా. ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

వంశీ_ఫ్రాంక్‌ఫర్ట్
అక్టోబరు మూడో వారం, శని ఆదివారాలు. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, మొత్తం నలుగురం. కారు లేదు. నాన్నకి మోకాళ్ల నొప్పి. నెట్‌లో ఎక్కడ చూసినా "ఒక్కరోజులో పది కోటలు" అని జాబితాలే. మార్క్స్‌బుర్గ్, రైన్‌ఫెల్స్, ఎల్ట్జ్, కోఖెమ్, ష్టోల్జెన్‌ఫెల్స్ అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు రాసేస్తున్నారు. మ్యాప్‌లో పెట్టి చూస్తే సగం నదికి అవతల, రెండు అసలు వేరే నది మీద. తెలిసినవాళ్లు కాస్త దారి పెట్టండి. శనివారం రాత్రి ఎక్కడైనా ఉంటాం.

రైన్‌గట్టు
ముందు నది సంగతి తేల్చుకోవాలి వంశీ గారూ. కోటల ఎంపిక ఆ తర్వాతే.

మైంజ్ దాటాక కొబ్లెంజ్ వచ్చేదాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. బింగెన్ దగ్గర ఉన్నది 1945లో పోయింది, మళ్లీ కట్టలేదు. సాంక్ట్ గోఆర్ దగ్గర కొత్తది కట్టాలని ఎప్పటినుంచో చర్చ నడుస్తూనే ఉంది. కాబట్టి గట్టు మారాలంటే ఫెర్రీయే గతి. బింగెన్–ర్యూడెస్‌హైమ్, నీడర్‌హైమ్‌బాఖ్–లోర్ఖ్, కౌబ్, సాంక్ట్ గోఆర్–సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్, బొప్పార్డ్–ఫిల్జెన్. ఇందులో నడిచి వెళ్లేవాళ్లకి బాగా పనికొచ్చేది సాంక్ట్ గోఆర్‌ది. రెండు వైపులా స్టేషన్ దగ్గర, దాటడానికి కొద్ది నిమిషాలు చాలు. కౌబ్ ఫెర్రీ మాత్రం కారున్నవాళ్లకే. అవతల దిగితే హైవే తప్ప ఏమీ ఉండదు, స్టేషన్ కావాలంటే బాఖరాఖ్‌కో ఒబర్‌వేజెల్‌కో హైవే వెంబడి కిలోమీటర్లు నడవాలి.

రైళ్లు కూడా గట్టుకొకటి. ఎడమ గట్టున ఆర్‌బీ 26 (లోకల్ రైలు), ఊరూరా ఆగుతుంది. కుడి గట్టున ఆర్‌బీ 10, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వీస్‌బాడెన్, ర్యూడెస్‌హైమ్, కౌబ్, బ్రౌబాఖ్ మీదుగా కొబ్లెంజ్. ఒక రోజుకి ఒక గట్టు అనుకుంటే మీ జాబితా దానంతటదే సగానికి తగ్గుతుంది.

ఎడమ గట్టు: రైన్‌ష్టైన్, ష్టాలెక్, షోన్‌బుర్గ్, రైన్‌ఫెల్స్, ష్టోల్జెన్‌ఫెల్స్.
కుడి గట్టు: గూటెన్‌ఫెల్స్, కట్జ్, మౌస్, లీబెన్‌ష్టైన్, ష్టెరెన్‌బెర్గ్, మార్క్స్‌బుర్గ్, లానెక్.
నది మధ్యలో: ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్. దానికి పడవ కౌబ్ నుంచే.

ఎల్ట్జ్, కోఖెమ్ మోజెల్ వైపువి, అది కొబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలిసే వేరే నది. వాటిని రైన్ రోజులో కలపకండి.

శిథిలప్రేమి
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో లెక్క కూడా పెట్టుకోండి: ఒక్కో కోటకి 3 గంటలు. స్టేషన్ నుంచి ఎక్కడానికి అరగంట, లోపల గంట, కాసేపు కూర్చోవడం, దిగడం, రైలు కోసం ఎదురుచూపు. అక్టోబరులో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. రోజుకి రెండు కోటలు దాటితే మిగిలేది మెట్లు మాత్రమే.

నన్నడిగితే మొదటి ఓటు రైన్‌ఫెల్స్‌కే. 1245లో కట్జెనెల్న్‌బోగెన్ కౌంట్ కట్టించాడు, పైనుంచి పడవల సుంకం వసూలు. 1692 చివర్లో ఫ్రెంచి రాజు 14వ లూయీ పంపిన 28,000 మంది సైన్యం చుట్టుముట్టినా లొంగలేదు. అదే కోట 1794లో ఫ్రెంచి విప్లవ సైన్యానికి ఒక్క తూటా పేలకుండా దక్కింది, రెండు మూడేళ్లలో వాళ్లే పేల్చేశారు. అంత పెద్ద కోట కాబట్టే శిథిలం కూడా ఒక ఊరంత ఉంటుంది.

కరీంనగర్_టు_కొబ్లెంజ్
రైన్‌ఫెల్స్ మంచిదే అన్నా, కాని మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు ఆలోచించి చెప్పు. లోపల మొత్తం ఎగుడు దిగుడు. పైకి పోనీకి సీజన్‌ల చిన్న టూరిస్టు బండి నడుస్తది, అది ఎక్కితే సగం కష్టం తప్పుతది. లేకుంటే స్టేషన్ నుంచి 20 నిమిషాల ఎక్కుడు.

ఇంకోటి, 2029ల ఈ లోయంత బుందెస్‌గార్టెన్‌షౌ అని పెద్ద ఉద్యానవన ప్రదర్శన ఉన్నది. దానికోసం చాన చోట్ల పనులు నడుస్తున్నయి. రైన్‌ఫెల్స్‌ల ఏ భాగం తెరిచి ఉన్నదో పోయే వారమే వాళ్ల సైట్‌ల చూసుకోవాలె.

లక్ష్మి_మైంజ్
రైన్‌ఫెల్స్‌లో సొరంగాల గురించి ఒక మాట. కోట చుట్టూ నేల కింద మందుపాతర సొరంగాలు తవ్వి ఉంచారు. శత్రువు పైకి చేరితే కింద నుంచి పేల్చడానికి. కొన్నిటిలోకి వెళ్లనిస్తారు. లోపల దీపాలు ఉండవు, నడుం వంచి నడవాలి, కొన్ని చోట్ల దాదాపు పాకాలి, వాన పడితే బురద. ఫోన్ లైటు చేతిలో పట్టుకుంటే రెండో చెయ్యి ఒక్కటే ఖాళీ, కాబట్టి నుదుటికి కట్టుకునే టార్చి మేలు. పెద్దవాళ్లని ప్రాంగణంలో ఉంచి మీరిద్దరూ వెళ్లండి.

నడకదారి
స్లేటు రాయి సంగతి ఎవరూ చెప్పలేదే! ఈ లోయలో కొండ, గోడ, మెట్లు, ఇంటి కప్పు అన్నీ స్లేటే. ఎండలో ఏమీ కాదు. తడిస్తే సబ్బులా జారుతుంది, అక్టోబరులో దాని మీద ఆకులు కూడా రాలి ఉంటాయి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే పడతారు. అడుగు పట్టు గట్టిగా ఉన్న బూట్లు, పెద్దవాళ్లకి రెండు చేతికర్రలు. కర్రలకి రబ్బరు టోపీలు తొడిగి ఉంచండి, రాతిపలక మీద ఇనుప మొన నిలవదు.

వంశీ_ఫ్రాంక్‌ఫర్ట్
ఇవన్నీ ఏ బ్లాగులోనూ లేవు. అయితే ఎల్ట్జ్ వదిలేయమంటారా? అమ్మకి అదే ఫోటోలో చూపించాను, అదే అడుగుతోంది.

గోదారి_గట్టు
ఎల్ట్జ్ వదలొద్దండీ! జర్మనీలో ఒక్క కోటే చూడగలరంటే నేనదే చెప్తాను. ఎప్పుడూ కూలలేదు, ఎవరూ తగలబెట్టలేదు, 800 ఏళ్లు దాటినా అదే కుటుంబం చేతిలో ఉంది. యూరోకి ముందున్న పాత 500 మార్కుల జర్మన్ నోటు మీద బొమ్మ అదే. 1268లో అన్నదమ్ములు పంచుకున్నారు, కానీ గోడ మాత్రం ఉమ్మడి. ఒకే ప్రాంగణం చుట్టూ మూడు శాఖలూ ఎవరి ఇల్లు వాళ్లు పైకి కట్టుకుంటూ పోయారు, అందుకే అన్ని శిఖరాలు, అన్ని ఎత్తులు. ఉమ్మడి వాకిలి, వేరు పొయ్యిలు.

రైన్‌గట్టు
చూడాల్సిందే, అందులో వాదన లేదు. కానీ వెళ్లే దారి తెలిసి వెళ్లాలి.

1. మోజెల్‌కెర్న్ స్టేషన్ నుంచి నడక. ఊరు దాటి ఎల్జ్‌బాఖ్ వాగు పక్కన, రింగెల్‌ష్టైనర్ మిల్లు దాకా తారు రోడ్డు, తర్వాత అడవి దారి. సుమారు 5 కిలోమీటర్లు, గంటా పావు. చివర్లో ఎక్కుడు. దారి చాలా అందంగా ఉంటుంది, కానీ మోకాళ్ల నొప్పికి ఇది కాదు. కొబ్లెంజ్ నుంచి ఆర్‌బీ 81 ఎక్కాలి, ఎక్స్‌ప్రెస్‌లు మోజెల్‌కెర్న్‌లో ఆగవు.

2. సీజనులో వారాంతాల్లో హాట్జెన్‌పోర్ట్ స్టేషన్ నుంచి బుర్గెన్‌బుస్ (కోటల బస్సు). కోట పైన పార్కింగ్ దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి తారు రోడ్డు మీద 800 మీటర్లు, నిట్టనిలువు దిగుడు. లేదా కోట వాళ్ల షటిల్ వ్యాను. మీ నాన్నగారికి వ్యానే. దిగేటప్పుడు సరదాగా నడిచి, తిరుగు ఎక్కుడులో వ్యాను కోసం బారులో నిలబడేవాళ్లే ఎక్కువ.

లోపల గైడ్‌తోనే తిప్పుతారు, 40 నిమిషాల లోపు. ముందస్తు బుకింగ్ గుంపులకే, మిగతావాళ్లు వచ్చిన వరసలో. ఫోటోలు నిషేధం. నవంబరు 1 తర్వాత మార్చి చివరిదాకా కోట మూత, కాబట్టి మీరు వెళ్లేది సీజను చివరి వారాల్లో. 11 నుంచి 2 దాకా రద్దీ, పొద్దున తెరిచే వేళకి అక్కడుంటే సుఖం.

శిథిలప్రేమి
ఎల్ట్జ్‌కి వెళ్లినవాళ్లు నూటికి తొంభై మంది చూడనిది ట్రుట్జ్‌ఎల్ట్జ్. ఎల్ట్జ్ కుటుంబం తన మాట వినడంలేదని ట్రియర్ ఆర్చిబిషప్ బాల్డ్విన్ ఎదురు కొండ మీద కట్టించిన ముట్టడి కోట అది. గొడవ 1331 నుంచి 1336 దాకా నడిచింది. ఇప్పుడు ఒక బురుజు ముక్క, కొంత గోడ మిగిలాయి. అక్కడ నిలబడి చూస్తే ఎల్ట్జ్ మీదకి రాళ్లు విసరడానికి ఎంత సూటిగా ఉందో తెలుస్తుంది. ఎల్ట్జ్‌ని కూల్చలేదు, ఎటూ కదలనివ్వకుండా చేసి లొంగదీశారు. టికెట్ లేదు.

బింగెన్_బాబు
కోఖెమ్ కూడా అదే లైన్‌లో ఉంది కదా, ఎల్ట్జ్ తర్వాత అక్కడికి పోవచ్చు. రైలు దిగగానే కోట కనిపిస్తుంది, టౌన్‌లో తిండి దొరుకుతుంది.

శిథిలప్రేమి
కోఖెమ్ ఊరు బాగుంటుంది. కోటని మాత్రం మధ్యయుగపు కోట అని పెద్దవాళ్లకి చూపించకండి. అసలుది 1689లో ఫ్రెంచివాళ్లు పేల్చారు. 1868లో రవెనె అనే బెర్లిన్ వ్యాపారి శిథిలం కొని తనకి నచ్చినట్టు వేసవి విడిది కట్టించుకున్నాడు. ఆ డబ్బూ సమయమూ మోజెల్ మీదే ఉన్న బైల్‌ష్టైన్ మీద పెడితే నిజమైన శిథిలం, నిజమైన పాత ఊరు రెండూ చూస్తారు.

లక్ష్మి_మైంజ్
ఇక్కడ మీతో నేను ఏకీభవించను. 19వ శతాబ్దపు కట్టడం అయినంత మాత్రాన అబద్ధం అయిపోదు. అప్పటి ప్రష్యా (ఉత్తర జర్మనీ రాజ్యం) రాజులు రైన్ తమదని చెప్పుకోవడానికే ఈ శిథిలాలు కొని కట్టించారు. అది కూడా చరిత్రే. ష్టోల్జెన్‌ఫెల్స్ చూడండి: 1689లో కాలింది, 1823లో కొబ్లెంజ్ ఊరు దాన్ని యువరాజుకి బహుమతిగా ఇచ్చింది, 1842కల్లా వాస్తుశిల్పి షింకెల్ నమూనాతో పసుపు రంగు రాజభవనం అయింది. లోపల చెక్క నేల గీతలు పడకుండా బూట్ల మీద పెద్ద ఫెల్ట్ చెప్పులు తొడిగించి తిప్పుతారు. పడవల్లాంటి ఆ చెప్పులు ఈడ్చుకుంటూ గది గది జారుతూ నడవడం పిల్లలకీ పెద్దలకీ భలే ఇష్టం. ఖాళీ గోడలు చూసి విసిగే అమ్మానాన్నలకి సామాను, మంచాలు, కత్తులు ఉన్న గదులు కావాలి.

కరీంనగర్_టు_కొబ్లెంజ్
లక్ష్మక్క చెప్పింది కరెక్టే, కాని ష్టోల్జెన్‌ఫెల్స్‌కు రైల్వే స్టేషన్ లేదు. కొబ్లెంజ్ నుంచి సిటీ బస్సుల పోయి కింద దిగాలె, ఆన్నుంచి పార్కుల మెలికలు తిరిగే దారిల 15 నిమిషాలు ఎక్కాలె. సోమవారం సెలవు ఉంటది చాన కోటలకు, మీరు శని ఆదివారం కాబట్టి పర్వాలె.

నడకదారి
కోఖెమ్ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: ఊళ్లో ఉన్న కుర్చీ లిఫ్టు కోటకి పోదు. వేరే కొండ మీద పిన్నర్‌క్రాయిజ్ అనే వ్యూ పాయింట్‌కి తీసుకెళ్తుంది. కోటకి ఊళ్లోంచి షటిల్ బస్సు వేరే.

మాధవి_బాన్
మార్క్స్‌బుర్గ్ గురించి ఎవరూ నోరు తెరవరేం? రైన్ మీద ఈ లోయలో కొండ మీది కోటల్లో ఎప్పుడూ ధ్వంసం కానిది అదొక్కటే. జర్మన్ కోటల సంఘం 1900లో కొని ఇప్పటికీ అక్కడే కార్యాలయం పెట్టుకుంది. వాళ్లు కోటని సింగారించలేదు, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టారు. లోపలికి వెళ్లగానే కొండరాయినే చెక్కిన గుర్రాల మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. తర్వాత రైన్ వైపు మూతి పెట్టిన ఫిరంగులు, మందుమొక్కల తోట, మనిషి నిలబడేంత పొయ్యి ఉన్న వంటిల్లు. పై అంతస్తు హాల్లో గోడ బయటికి పొడుచుకొచ్చిన చిన్న చెక్కగది ఉంటుంది, అది మరుగుదొడ్డి. కింద గొయ్యి లేదు, గాలే.

సుమారు 50 నిమిషాలు, గైడ్‌తో మాత్రమే. ఎక్కువ టూర్లు జర్మన్‌లోనే, అడిగితే ఇంగ్లిష్ కాగితం చేతికిస్తారు. మార్క్స్‌బుర్గ్ ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

వంశీ_ఫ్రాంక్‌ఫర్ట్
మాధవి గారూ, ఆ గుర్రాల మెట్లు నాన్న ఎక్కగలరా?

మాధవి_బాన్
మోకాలి నొప్పి ఓ మోస్తరైతే నెమ్మదిగా ఎక్కొచ్చు, కానీ గుంపుతో పాటు నడవాలి, గైడ్ ఆగడు. అనుమానం ఉంటే బయట భోజనశాల వరండాలో కూర్చోబెట్టండి. అక్కడికి టికెట్ అక్కర్లేదు, రైన్ మలుపు మొత్తం కనిపిస్తుంది. బ్రౌబాఖ్ ఊళ్లోంచి సీజనులో చిన్న బండి పైదాకా తెస్తుంది, చివరి కొంచెం నడక తప్పదు.

భువనగిరి_భాస్కర్
భువనగిరి గుట్ట ఎక్కిన కాళ్లకి ఇవన్నీ లెక్కా!

నడకదారి
భాస్కర్ అన్నా, అక్కడ ఎండిన రాయి, ఇక్కడ తడి స్లేటు. అసలు తేడా అదే.

శిథిలప్రేమి
శిథిలాల్లో ఏం చూడాలో తెలియకే చాలామందికి "గోడలేగా" అనిపిస్తుంది. కొన్ని గుర్తులు పెట్టుకోండి.

గోడలో వరసగా చదరపు రంధ్రాలు కనిపిస్తే అవి తుపాకీ కన్నాలు కావు. కట్టేటప్పుడు పరంజా దుంగలు దూర్చిన చోట్లు. వరసకీ వరసకీ మధ్య ఎత్తు చూస్తే మేస్త్రీలు ఒక్కో విడతకి ఎంత గోడ లేపారో లెక్క తెలుస్తుంది.

పెద్ద బురుజుకి అసలు తలుపు నేల మీద ఉండదు, రెండు మూడు మనుషుల ఎత్తున ఉంటుంది. చెక్క నిచ్చెన లాగేసుకుంటే లోపలివాళ్లు భద్రం. కింద తలుపు ఉంటే అది తర్వాత పర్యాటకుల కోసం పగలగొట్టినది.

అన్నిటికంటే మందమైన, ఎత్తైన గోడ నది వైపు ఉండదు, కొండ వైపు ఉంటుంది. ఈ కోటలన్నీ కొండ ముక్కు మీద కట్టినవి. మూడు వైపులా జారుడు కాబట్టి దాడి వచ్చేది వెనక కొండ నుంచే. అక్కడ రాయి తొలిచి కందకం, దాని వెనక డాలుగోడ. ఒబర్‌వేజెల్ షోన్‌బుర్గ్‌లో ఆ గోడ నిండుగా నిలిచి ఉంది. అది ఇప్పుడు హోటల్, బురుజులో మ్యూజియం.

ఇంకోటి, అప్పట్లో ఇవి రాయి కనిపించేలా ఉండేవి కావు. సున్నం పూసి రంగు వేసేవాళ్లు. కౌబ్ దగ్గర నీళ్లలోని ఫాల్జ్ (ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్) తెల్లగా, ఎర్ర అంచులతో ఉన్నది అందుకే.

గోదారి_గట్టు
ఫాల్జ్ గురించి అడుగుతున్నా. అది మోకాళ్లకి పర్వాలేదా? కొండ ఎక్కక్కర్లేదు కదా.

రైన్‌గట్టు
కొండ లేదు, లోపల మెట్లు, చెక్క నడవాలు ఉన్నాయి, అవి కొంచెమే. అసలు చిక్కు నీళ్లతో. కౌబ్ దగ్గర నది మట్టం బాగా పెరిగితే చిన్న పడవ ఆపేస్తారు. మరీ తగ్గినప్పుడు బయట రాళ్లు తేలతాయి. 2018 అక్టోబరులో అక్కడి కొలబద్ద 25 సెంటీమీటర్లకి పడిపోయింది. పొద్దున బయల్దేరే ముందు కౌబ్ మట్టం, కోట సైటు రెండూ చూసుకోవాలి. 1327లో సుంకం కోసం కట్టిన బురుజు, తర్వాత చుట్టూ ఆరు పలకల గోడ. ఎగువ వైపు మొన ఓడ ముక్కులా కోసుగా ఉంటుంది, చలికాలం కొట్టుకొచ్చే మంచుగడ్డల్ని చీల్చడానికి.

బింగెన్_బాబు
పడవ మీద చూడటం గురించి చెప్పండి ఎవరైనా, పెద్దవాళ్లకి అదే హాయి కదా.

లక్ష్మి_మైంజ్
బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోఆర్ దాకా. లోయలో అత్యంత చిక్కనైన ముక్క ఇదే: ఫాల్జ్, గూటెన్‌ఫెల్స్, షోన్‌బుర్గ్, లోరెలై బండ, కట్జ్. ఎప్పుడూ ప్రవాహం దిశలోనే ఎక్కండి, ముప్పావుగంటలో దింపుతుంది. ఎదురెక్కితే గంట దాటుతుంది, టికెట్ అదే. డాయిష్‌లాండ్‌టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులకి చెల్లే నెలవారీ పాసు) పడవలో చెల్లదు. అక్టోబరులో పడవలు తక్కువ, నెలాఖరుకి దాదాపు ఆగిపోతాయి, మీ తేదీ పెట్టి టైమ్‌టేబుల్ చూడండి. మేడ మీద కుడివైపు కూర్చుంటే గూటెన్‌ఫెల్స్, లోరెలై, కట్జ్ మీ పక్కనే. కట్జ్ లోపలికి వెళ్లాలని ఆశపడకండి, అది ప్రైవేటు ఆస్తి.

పడవ రావడానికి గంట ఉంటే బాఖరాఖ్‌లో వెర్నర్ చాపెల్ శిథిలం దాకా ఎక్కండి, కప్పు లేని ఎర్రరాతి కిటికీలు. 1689లో పైన ష్టాలెక్ కోటని పేల్చినప్పుడు పడ్డ రాళ్లే దాన్ని కూల్చాయి. అక్కడి ఫలకం కూడా చదవండి. 1287లో వెర్నర్ అనే బాలుడి చావుని యూదుల మీద మోపి ఈ ప్రాంతమంతా వాళ్లని చంపారు, ఆ కట్టుకథ మీద లేచిన గుడి అది.

కరీంనగర్_టు_కొబ్లెంజ్
మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు అసలు మందు ఎరెన్‌బ్రైట్‌ష్టైన్. కొబ్లెంజ్‌ల నది ఒడ్డున రోప్‌వే ఎక్కితే రైన్ మీదికెళ్లి అవతలి కొండకు పోతది. పైన అంత చదును, చక్రాల కుర్చీ కూడ పోతది. మధ్యయుగం కోట కాదు, 1817 నుంచి 1828 దాక ప్రష్యావాళ్లు కట్టిన దుర్గం. ఆ గోడలకు రాయి ఎక్కడిదో తెలుసా? పేలిన రైన్‌ఫెల్స్‌ల నుంచి కూడ మోసుకొచ్చిన్రు. శనివారం రైన్‌ఫెల్స్ చూసి ఆదివారం ఇది చూస్తే కథ పూర్తయితది.

మాధవి_బాన్
రాత్రి బస కొబ్లెంజ్‌లోనే మంచిది. లోయలోని చిన్న ఊళ్లలో రెండు గట్లా పట్టాలే, కుడి గట్టున తెల్లవార్లూ గూడ్సులు. కిటికీ తెరిస్తే నిద్ర ఉండదు. ఊళ్లోనే ఉండాలంటే పట్టాల వైపు గది వద్దని అడగండి.

రైన్‌గట్టు
టికెట్ లెక్క: మీ ఇద్దరికీ డాయిష్‌లాండ్‌టికెట్ ఉండే ఉంటుంది. అమ్మానాన్నలకి ఒక్క నెలకి తీసుకుంటే ఆ నెల 10వ తేదీలోగా రద్దు చెయ్యాలి, మర్చిపోతే రెండో నెల కూడా పడుతుంది. లేకపోతే వాళ్లిద్దరి పేరిట రోజుకో రైన్‌లాండ్-ఫాల్జ్ టికెట్ (ఈ రాష్ట్రపు లోకల్ రైళ్లకి ఒక రోజు టికెట్), వారాంతంలో పొద్దుటి నుంచే చెల్లుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్ ముక్కకి వేరే టికెట్ కొనాలి. ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్‌ల్లో ఇవేవీ చెల్లవు, కొబ్లెంజ్‌లో తొందరలో అదెక్కేయకండి.

వంశీ_ఫ్రాంక్‌ఫర్ట్
అయితే ఇలా అనుకుంటున్నా. శనివారం బాఖరాఖ్, పడవ, సాంక్ట్ గోఆర్, చిన్న బండిలో రైన్‌ఫెల్స్, రాత్రి కొబ్లెంజ్. ఆదివారం పొద్దున్నే హాట్జెన్‌పోర్ట్ నుంచి ఎల్ట్జ్, సాయంత్రం ఓపిక ఉంటే రోప్‌వే. మార్క్స్‌బుర్గ్, కోఖెమ్ ఈసారికి లేవు. సరేనా?

శిథిలప్రేమి
సరిగ్గా కుదిరింది. ఏదీ కలపకండి ఇంక.

కరీంనగర్_టు_కొబ్లెంజ్
రోప్‌వే ఆఖరి టైము ముందే చూసుకో తమ్మీ, చలికాలం దగ్గరపడ్డకొద్ది తొందరగ బంద్ చేస్తరు. సామాను కొబ్లెంజ్ స్టేషన్ లాకర్ల పెట్టు, ఎట్లైనా తిరిగొచ్చేది ఆడికే.

గోదారి_గట్టు
శాకాహారులైతే ఒక మాట. అక్టోబరులో కొత్త వైన్‌తో ఉల్లిపాయ కేకు అన్నిచోట్లా పెడతారు, చూడ్డానికి కూరగాయల వంటకంలా ఉంటుంది, లోపల పంది మాంసం ముక్కలుంటాయి. అడిగి తినండి. పులిహోర కట్టుకెళ్తే ఎల్ట్జ్ కింద వాగు పక్కన బల్లలున్నాయేమో వెతుక్కోండి, కోట లోపల మాత్రం తినొద్దు.

నడకదారి
నీళ్లు, బిస్కెట్లు ఆదివారం పొద్దున కొబ్లెంజ్ పెద్ద స్టేషన్‌లోనే కొనుక్కోండి. ఆదివారం బయట దుకాణాలన్నీ మూత, హాట్జెన్‌పోర్ట్ స్టేషన్‌లో ఏమీ దొరకదు. చిల్లర యూరోలు కూడా అక్కడే మార్చి పెట్టుకోండి, షటిల్ వ్యానుకీ మరుగుదొడ్లకీ కావాలి.